11 శాతం ఇచ్చే ‘ఏ మైనస్’ బాండు: ఆ ధరకి కొనొచ్చా?

మధురవాడ_మధ్యతరగతి
ఊళ్లో స్థలం అమ్మితే నా వాటాకి 12 లక్షలొచ్చాయి. ఎఫ్‌డీ వేద్దామనుకుంటుంటే ఒక బాండ్ల యాప్‌లో ఇది కనబడింది. బంగారం మీద అప్పులిచ్చే ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ). ముఖవిలువ (చివర్లో తిరిగిచ్చేది) లక్ష, కూపన్ అంటే వడ్డీ 9 శాతం ఏడాదికోసారి, ఇంకా సరిగ్గా 3 ఏళ్లు, రేటింగ్ ఏ మైనస్, సెక్యూర్డ్ (తాకట్టు ఉన్నది), లిస్టెడ్ (ఎక్స్ఛేంజిలో ఉన్నది). ధర 95,113. ఈల్డ్ (ఆ ధరకి కొంటే ఏడాదికి వచ్చే రాబడి) 11 శాతం అని చూపిస్తోంది. ఎఫ్‌డీ 7 దాటట్లేదు. పన్నెండు బాండ్లు కొనేద్దామా? మా ఆవిడ వద్దంటోంది, ఎందుకో చెప్పట్లేదు.

లెక్కల_పంతులు
ఆ 95,113 ఎలా వచ్చిందో ముందు చూడండి. ఏడాదికి 11 శాతం రావాలంటే ఇవాళ ఎంత పెట్టాలన్నదే లెక్క. మొదటి ఏడు వచ్చే 9,000ని 1.11తో భాగిస్తే 8,108. రెండో ఏటి 9,000ని రెండుసార్లు భాగిస్తే 7,305. మూడో ఏడు అసలుతో కలిపి 1,09,000 వస్తుంది, మూడుసార్లు భాగిస్తే 79,700. కూడండి, 95,113. యాప్ చేసింది ఇంతే. ఆ 11 మీకు సరిపోతుందా లేదా అన్నది యాప్ చెప్పదు. ‘ఈ కంపెనీకి 13 శాతానికి తక్కువైతే అప్పివ్వను’ అనుకుంటే మీరు పెట్టాల్సిన ధర 90,555. 12 చాలనుకుంటే 92,795.

కాలిన_చెయ్యి
అన్నా, గీ భాగారాలు నేను గూడ చేసిన. 2018ల మా బాపు రిటైర్మెంట్ పైసల్ల 8 లక్షలు ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ బాండ్లల్ల పెట్టిపిచ్చిన. నెలనెలా వడ్డీ పడ్తుండె. బాపు పాస్‌బుక్ ప్రింట్ చేపిచ్చుకొని పడ్డదానికి ఎర్రపెన్నుతోని టిక్ పెట్టుకుంటుండె. ఒక నెల పడలే. బ్యాంకుల అడిగితే ‘సర్వర్ ప్రాబ్లం కావొచ్చు’ అన్నరు. సర్వర్ కాదు. రెండేండ్ల తర్వాత సగం కన్నా తక్కువ చేతికొచ్చింది. కొన్ననాడు దాని రేటింగ్ నీ దానికన్నా శానా పైన ఉండె. వదినె మాట ఇను.

బాండ్_బావ
మీ బాపుగారి విషయం బాధాకరమే, కాదనను. కానీ ఒక్క కంపెనీ మునిగిందని బాండ్లన్నీ చెడ్డవంటే ఎలా? ఎఫ్‌డీలో మాత్రం బీమా 5 లక్షల వరకే. 12 లక్షలూ ఒకే బ్యాంకులో వేస్తే మిగతా 7 లక్షలకి హామీ ఏది? 2020 ఏప్రిల్‌లో ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ మ్యూచువల్ ఫండ్ ఆరు డెట్ (బాండ్లలో పెట్టే) పథకాలు మూసేస్తే అంతా పోయినట్టే అన్నారు. ఆ పథకాల్లో ఎక్కువభాగం తక్కువ రేటింగ్ కాగితాలే. చివరికి మూసిన రోజున్న విలువకన్నా ఎక్కువే తిరిగొచ్చింది. ఇక్కడైతే సెక్యూర్డ్, పైగా బంగారం!

కాలిన_చెయ్యి
తిరిగొచ్చింది సరే, ఎన్నేండ్లకు? మంది పిల్లల ఫీజులు ఆగుతయా బావా. ఇగ బ్యాంకంటవా, 12 లక్షలు మూడు బ్యాంకులల్ల వేస్తే అయిపాయె.

లెక్కల_పంతులు
‘పైగా బంగారం’ అన్నదాన్ని కాస్త ఆపండి బావగారూ. కంపెనీ మునిగితే తాకట్టు నగలు మన చేతికి రావు. నగలు పెట్టినవాళ్లు బాకీ తీర్చి విడిపించుకుంటారు. మనకున్నది ఆ బాకీల మీద హక్కు, అదీ డిబెంచర్ ట్రస్టీ (బాండ్లు కొన్నవాళ్ల తరఫున ఉండే సంస్థ) ద్వారా, మనలాగే అప్పిచ్చిన బ్యాంకులతో కలిసి. ఏ బాకీలు, ఎన్ని రెట్లు తాకట్టు పెట్టారన్నది ఆఫర్ డాక్యుమెంట్లో ఉంటుంది. చదివారా మధురవాడ గారూ?

మధురవాడ_మధ్యతరగతి
డౌన్‌లోడ్ చేశానండి.

గుంటూరు_ఆడిటర్
మూడు వందల పేజీలు డౌన్‌లోడ్ చేయడమే గొప్ప, అభినందనలు.

ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది: పన్ను. లెక్క తేలికగా ఉండాలని ఒక్క ఏడాదికే తీసుకుందాం. వంద పెడితే బాండులో 111, ఎఫ్‌డీలో 107. కంపెనీ ఎగ్గొడితే 30 దక్కుతుందనుకోండి. నూటికి ఎన్ని కంపెనీలు ఎగ్గొడితే రెండూ సమానమవుతాయి? అదనంగా వచ్చేది 4. పోయేది 111కీ 30కీ తేడా, 81. నాలుగుని 81తో భాగిస్తే దాదాపు 4.9. ఏడాదికి నూటికి ఐదు కంపెనీలు ఎగ్గొట్టినా గిట్టుబాటే అనిపిస్తుంది. బావగారి వాదన బలం ఇదే.

ఇప్పుడు 30 శాతం శ్లాబు వేయండి. బాండులో 107.70, ఎఫ్‌డీలో 104.90. అదనం 2.80కి పడిపోయింది. పోయేది 77.70. భాగిస్తే 3.6. ఐదు నుంచి మూడున్నరకి దిగింది. వడ్డీ వస్తే ప్రభుత్వం వాటా తీసుకుంటుంది. అసలు పోతే మాత్రం ఆ నష్టాన్ని వడ్డీ ఆదాయంలోంచి తీసేసుకోనివ్వదు. 11 మైనస్ 7 నాలుగు అని మురిసిపోయేవాళ్లకి యాప్ ఇది చూపించదు.

బాండ్_బావ
ఆడిటర్‌గారూ, సగమే చెప్పారు. లక్ష బాండుని 95,113కి కొంటున్నాడు. చివర్లో వచ్చే 4,887 వడ్డీ కాదు, లాభం. లిస్టెడ్ బాండు ఏడాది దాటాక ఆ లాభం మీద పన్ను 12.5 శాతమే.

గుంటూరు_ఆడిటర్
నిజమే, అందుకే నా 3.6 కాస్త పెరుగుతుంది. కాస్తే. రాబడిలో ఎక్కువ భాగం కూపనే కదా.

లెక్కల_పంతులు
ఆడిటర్‌గారి లెక్కకి ఒక చేర్పు. నూటికి మూడున్నర అన్నది బోలెడు కంపెనీల్లో పంచితే పనికొచ్చే అంకె. పన్నెండు బాండ్లూ ఒకే కంపెనీవి కొంటే మధురవాడ గారికి దక్కేది సగటు కాదు. అన్నీ వస్తాయి, లేదా దెబ్బ మొత్తం పన్నెండు లక్షలకీ తగులుతుంది. ఇక రేటింగంటారా, ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ అనే ఫైనాన్స్ కంపెనీకి 2018 జూలైలో ట్రిపుల్ ఏ, అన్నిటికన్నా పై రేటింగ్. సెప్టెంబరులో డి, అంటే ఎగవేత. మధ్యలో అమ్ముకుని బయటపడ్డ చిన్నవాళ్లు ఎందరు? రేటింగ్ సంస్థలు తమ ఎగవేత రేట్లను మూడేళ్ల లెక్కన బయటపెట్టాలి, వాళ్ల వెబ్‌సైట్లలోనే ఉంటాయి. ఆ పట్టికలో ‘ఏ’ వరసని ఏడాదికి విడగొట్టి 3.6 పక్కన పెట్టి చూడండి.

నా మట్టుకు నాకైతే 95,113 ఎక్కువ ధర. 92 వేలకి దొరికితే ఒకటో రెండో తీసుకుంటాను. పన్నెండు మాత్రం తీసుకోను.

బాండ్_బావ
92కి ఎవడిస్తాడు సార్, చెప్పండి!

లెక్కల_పంతులు
అదీ తేల్చుకోవచ్చు. ఇదే బాండు నేను ఇవాళ మీకు అమ్మితే ఎంతకి కొంటారని యాప్ వాళ్లనే అడగమనండి. కమీషన్ లేదంటారు కదా, వాళ్ల లాభం కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్యే ఉంటుంది.

మధురవాడ_మధ్యతరగతి
నిన్న పొద్దున్నే చాట్‌లో అడిగానండి. మొదట ‘మా రిలేషన్‌షిప్ మేనేజర్ కాల్ చేస్తారు’ అన్నారు. ఆయన సాయంత్రం ఫోన్ చేశాడు. ముందు ఎన్ని బాండ్లు కావాలన్నాడు. కొనడం కాదు, అమ్మితే ఎంతిస్తారని మళ్లీ అడిగా. కాసేపు హోల్డ్‌లో పెట్టి, ‘కొనేవాళ్లు దొరికితే సుమారు 92 వేలు రావచ్చు సార్, గ్యారంటీ లేదు’ అన్నాడు. మా ఆవిడ పక్కనే ఉంది, స్పీకర్ మీద వింది. ఏమీ అనలేదు. కుక్కర్ విజిల్ వస్తే లేచి వెళ్లింది.

ఎక్స్ఛేంజిలో కూడా చూశా. అమ్మేవాళ్ల ధర 95,400. కొనేవాళ్ల వైపు ఖాళీ. అక్కడ 92 వేలకి ఆర్డరు పెడితే ఎన్నాళ్లు నిలుస్తుందో ఎవరైనా చెప్పండి. రెండు బాండ్లకే.