‘పిస్మా’ రాలేదా, ‘పిస్మో’ రాలేదా?

ఉక్కునగరం: రష్యన్ వచ్చినవాళ్ళు కాస్త చెప్పండి. మా నాన్నగారు విశాఖ ఉక్కు కర్మాగారం కట్టే రోజుల్లో సోవియట్ నిపుణుల పక్కన పనిచేశారు. అప్పుడు పట్టుబడ్డ ఒక వాక్యం మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చు: ‘అత్ నివో పిస్మా నే ప్రిష్లో’. అతని దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు అని. ఈమధ్య నేను యాప్‌లో రష్యన్ మొదలుపెట్టాను. అందులో ఉత్తరాన్ని ‘పిస్మో’ అంటున్నారు. మరి ఇక్కడ ‘పిస్మా’ ఎందుకైంది? ఆయన్నే అడిగితే ఒకసారి మా అంటారు, ఒకసారి మో అంటారు. అమ్మది మాత్రం మో అనే పట్టు.

మాస్కో రిటర్న్: ఇందులో ఏముందండీ. ఊనిక (పలికేటప్పుడు పడే నొక్కు) లేని ఓకారం రష్యన్ నోట్లో అకారమైపోతుంది. వాళ్ళ రాజధాని వాళ్ళకి మస్క్వా. రాసేది మో, పలికేది మా.

నల్లసముద్రం: కుదరదు సార్. పిస్మోలో ఊనిక చివరి అక్షరం మీదే ఉంది. ఊనిక పడ్డ ఓ చెక్కుచెదరదు. పాలనే చూడండి, రాసేది మొలొకో, పలికేది మలకో. చివరి ‘కో’కి ఏమీ కాలేదు. మా అని వినబడితే అది నిజంగా మానే.

పాతపుస్తకాలు: బహువచనం కావచ్చుగా? ఉత్తరాలు.

నల్లసముద్రం: బహువచనంలో ఊనిక ముందుకి జరిగి ‘పీస్మా’ అవుతుంది. అప్పుడు క్రియ ‘ప్రిష్లీ’ ఉండాలి. ఉక్కునగరం గారు రాసింది ‘ప్రిష్లో’, నపుంసక ఏకవచనం. కాబట్టి మా అంటే షష్ఠీ (మన ‘యొక్క’ విభక్తి) ఏకవచనమే. లేనిదాన్ని రష్యన్‌వాళ్ళు షష్ఠిలో పెడతారు.

జవాబు అనే మాటతో చెబితే ఇంకా తేలిగ్గా కనిపిస్తుంది. అది పుంలింగం. ‘అత్వేత్ నే ప్రిషోల్’ అంటే మనం చూస్తున్న ఆ జవాబు రాలేదు. ‘అత్వేతా నే ప్రిష్లో’ అంటే జవాబంటూ ఏదీ రాలేదు. షష్ఠి వచ్చేసరికి క్రియ కర్త లింగంతో పొందిక మానేసి నపుంసకంలో కూర్చుంది. పిస్మో పుట్టుకతోనే నపుంసకం కాబట్టి రెండు వాక్యాల్లోనూ క్రియ ప్రిష్లోయే. తేడా అంతా ఆ ఒక్క అక్షరమే మోయాలి.

ఉక్కునగరం: అంటే మో అయితే రావాల్సిన ఉత్తరం రాలేదు, మా అయితే ఉత్తరం ఊసే లేదు. అంతేనా?

మాస్కో రిటర్న్: అంత గిరిగీసి చెప్పలేం. పుస్తకాల్లో ఉన్నంత పట్టింపు మాటల్లో ఉండదు. ‘నా దగ్గర ఉత్తరం లేదు’ అనాలంటే మాత్రం ‘ఊ మిన్యా నెత్ పిస్మా’, అక్కడ షష్ఠి తప్ప దారి లేదు. మిగతా క్రియల దగ్గర రెండూ వినబడతాయి. కర్మ విషయంలోనైతే ఇప్పటివాళ్ళు ద్వితీయ (మన ‘ను’ విభక్తి) వైపే మొగ్గుతున్నారు.

సూరి శిష్యుడు: ఇంతదూరం ఎందుకు, మన చిన్నయసూరిని తీయండి. జడవాచకాలకు (ప్రాణంలేనివాటి పేర్లకు) ద్వితీయ రావలసిన చోట ప్రథమ (కర్తకు వాడే రూపం) బహుళంగా వస్తుందని కారక పరిచ్ఛేదంలో చెప్పాడు. పుస్తకం చదివాను, పుస్తకాన్ని చదివాను. మనిషి దగ్గర మాత్రం ‘రాముడు చూశాను’ అనలేం. రష్యన్‌లోనూ అంతే కదా? ఇల్లు చూశానంటే ప్రథమ రూపమే, అన్నను చూశానంటే రూపం మారుతుంది. 1858 నాటి మన వ్యాకరణంలో ఉన్నదే ఇది.

నల్లసముద్రం: పోలిక బాగుంది గానీ సగమే. వాళ్ళు ‘అన్నను’ దగ్గర తెచ్చుకునేది షష్ఠి రూపాన్ని. మనది అసలు ద్వితీయ. పైగా వాళ్ళ ఆకారాంత స్త్రీలింగాలకు జడమైనా సరే వేరే రూపం ఉంది: క్నీగ (పుస్తకం), క్నీగు (పుస్తకాన్ని). ఇక్కడ ప్రశ్న కర్త గురించి, మీరు కర్మ గురించి మాట్లాడుతున్నారు. కర్తే కావాలంటే మన ‘రాలేదు’ని చూడండి. నేను రాలేదు, నువ్వు రాలేదు, వాళ్ళు రాలేదు, అందరికీ ఒక్కటే. వ్యతిరేకంలో క్రియ పొందిక వదిలేయడం మనకి కొత్త కాదు.

సూరి శిష్యుడు: రాను, రావు, రారు మాటేమిటి మరి? గతంలో ఒకటి, భవిష్యత్తులో ఒకటి. మీదీ సగమే.

పాతపుస్తకాలు: ఈ తగువు రష్యన్ కవి పుష్కిన్‌కే తప్పలేదండీ! తన పద్య నవల ఒనేగిన్‌లో ‘ద్వా వేకా స్సోరిత్ నే ఖచూ’ అన్నాడు. రెండు యుగాలకు తగువు పెట్టను అని. వ్యతిరేకం చెప్పే ‘నే’ ఉంది కాబట్టి షష్ఠి వేసి ‘ద్వూఖ్ వికోవ్’ అనాలని విమర్శకులు పట్టుకున్నారు. 1830లో తన ఎస్టేటు ఊరు బోల్డినోలో కూర్చుని దానికి జవాబు రాసుకున్నాడు. నా ‘నే’ ముడిపడింది ‘ఖచూ’ (కోరుకుంటున్నా)కి, ‘స్సోరిత్’ (తగువు పెట్టడం)కి కాదు అన్నాడు. ‘పద్యాలు రాయడం మొదలుపెట్టడానికి మీకు అనుమతి ఇవ్వలేను’ లాంటి వాక్యం చూపించి, ఆ వ్యతిరేక పదానికున్న విద్యుచ్ఛక్తి ఇన్ని క్రియల గొలుసు దాటుకుని చివరి నామవాచకం దాకా పాకాలా అని అడిగాడు. నాకైతే వ్యాకరణ చర్చలో ఇంత ముచ్చటైన మాట ఇంకోటి తగల్లేదు.

మాస్కో రిటర్న్: ఆ బోల్డినో శరదృతువు ఉంది చూశారూ! పెళ్ళికి ముందు ఎస్టేటు పని చూసుకుని వచ్చేద్దామని వెళ్ళాడు. కలరా వచ్చి దారులు మూసేశారు. మూడు నెలలు ఇరుక్కుపోయి, బేల్కిన్ కథలు రాశాడు, ఒనేగిన్ చివరికి తెచ్చాడు. అంత పనిలో ఈ విభక్తి గొడవకి కూడా తీరిక దొరికింది మహానుభావుడికి.

సూరి శిష్యుడు: ‘ద్వా’ తర్వాత వచ్చిన ‘వేకా’ కూడా రూపానికి షష్ఠీ ఏకవచనమే కదా? రెండు, మూడు, నాలుగు అంకెల తర్వాత అలాగే వస్తుందని చదివాను. షష్ఠి లేదని పోట్లాడిన చోట షష్ఠి కూర్చునే ఉంది.

పాతపుస్తకాలు: అది అంకె తెచ్చిపెట్టిన షష్ఠి. విమర్శకులు అడిగింది ‘నే’ తేవాల్సిన షష్ఠి. రెండూ కలపకండి.

భాషాశాస్త్రం పీజీ: భాషాశాస్త్రవేత్త యాకొబ్సన్ 1936లో విభక్తుల మీద రాసిన వ్యాసం చదివితే ఇవన్నీ ఒక తాటి మీదికి వస్తాయి. ఆ వస్తువు జరిగిన పనిలో పూర్తిగా ఉందా, కొంతే ఉందా, అసలు లేదా అని హద్దు గీసేదే షష్ఠి అంటాడు. ‘ఉత్తరం కోసం చూస్తున్నా’ అన్నప్పుడు వ్యతిరేకం ఏమీ లేకపోయినా ‘ఝ్దూ పిస్మా’ వస్తుంది. వస్తుందో రాదో తెలియని ఉత్తరం కదా.

ఉక్కునగరం: మరి మా నాన్నగారి వాక్యం?

నల్లసముద్రం: మా వైపే నా ఓటు.

మాస్కో రిటర్న్: అతని దగ్గర్నుంచి అని ముందే చెప్పారంటే ఆ ఉత్తరం కోసం చూస్తున్నట్టే. నేను మీ అమ్మగారి పక్షం.

పాతపుస్తకాలు: ఎవరికీ పట్టని ఇంకో సంగతి. ‘నివో’లో వో రాసేటప్పుడు గో అని రాస్తారు. ఏమీ పర్వాలేదు అనడానికి వాడే ‘నిచివో’ కూడా అంతే. అది కూడా షష్ఠే!

సూరి శిష్యుడు: పర్వాలేదు అనడానికి షష్ఠి ఎందుకండీ?

నల్లసముద్రం: దానికి వేరే పోస్టు పెట్టండి సార్.