పాత ఎల్పీలు అమ్మాలి: గుత్తగా ఇచ్చేయాలా, విడివిడిగానా?

ప్రశ్న (పాటలపెట్టె): నాన్నగారివి, నావి కలిపి రెండు బీరువాల నిండా రికార్డులున్నాయి. చిన్న ఇంటికి మారుతున్నాం, అన్నీ పెట్టుకునే చోటు లేదు. ఎక్కువ ఎల్పీలే, అంటే ఆల్బమ్ మొత్తం పట్టే పెద్ద రికార్డులు. కొన్ని 45లు, అడుగున నాన్నగారి 78లు (నిమిషానికి అన్ని చుట్లు తిరిగే రికార్డులు). కొనడానికొచ్చిన ఒకాయన నాలుగు అట్టలు తిరగేసి మొత్తానికి ఒక రేటు చెప్పాడు. లోపల ఏముందో చూడకుండా ఇచ్చేయడానికి మనసొప్పడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ముల్లుచప్పుడు: ఇప్పుడే ఇవ్వకండి. ముందు ఏమున్నాయో రాసుకోండి. చాలా ఏళ్లుగా కొంటూ అమ్ముతూ ఉన్నాను, ఈ ఒక్క పని చేసినవాళ్లెవరూ నష్టపోవడం చూడలేదు. అట్ట మీది పేరొక్కటే చాలదు. అదే అట్టతో అదే ఆల్బమ్ ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ అచ్చవుతుంది. ఆఖరి పాట అయ్యాక లేబుల్ దాకా ఖాళీగా ఉండే నల్లటి భాగాన్ని వెలుతురుకి వంచి చూడండి, సన్నగా చెక్కిన అంకెలు కనిపిస్తాయి. అదే మ్యాట్రిక్స్ నంబర్. మీ దగ్గరున్నది ఏ ప్రెస్సింగో, అంటే ఏ విడత అచ్చో, తేల్చడానికి లేబుల్ కంటే అదే నమ్మకం. రికార్డులు కొని అమ్మే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొట్టి, అమ్మేవాళ్లు అడుగుతున్న ధర కాకుండా నిజంగా అమ్ముడైన ధరలు చూడండి.

తర్వాత కండిషన్. కొనేవాళ్లు ఎక్కువగా గోల్డ్‌మైన్ పత్రిక పెట్టిన గ్రేడింగ్ చూస్తారు. అందులో 'నియర్ మింట్' (దాదాపు కొత్తది) ధరలో 'వీజీ ప్లస్' (వెరీ గుడ్ ప్లస్)కి సుమారు సగం, 'వీజీ' (వెరీ గుడ్)కి పావు వంతు లెక్క. గోరుకి తగిలే గీత ఉంటే ప్లే చేసి విన్నాకే గ్రేడు రాయండి. అనుమానంగా ఉంటే ఒక మెట్టు తగ్గించండి. అరుదైనవి పక్కకు తీసి విడిగా అమ్మండి, మామూలువి గుత్తగా ఇచ్చేయండి.

లక్కపలక: 78ల గురించి ఒక మాట. ఎల్పీలు వచ్చింది 1948లో. అంతకు ముందటి 78లు దాదాపు అన్నీ లక్కతో చేసినవే. ఆల్కహాల్ ఉన్న క్లీనర్ దగ్గరికి కూడా రానివ్వకండి, లక్క కరిగిపోతుంది. కింద పడితే పగిలిపోతాయి. ఎల్పీ ముల్లుతో వాటిని ప్లే చేయకండి, వాటి గాడి వెడల్పు, ముల్లు వేరే.

పాటలపెట్టె: చాలా థాంక్సండీ. కొన్ని అట్టల మీద నాన్నగారు కొన్న తేదీ, తన సంతకం పెన్నుతో రాసుకున్నారు. రేటు తగ్గుతుందా?

ముల్లుచప్పుడు: అట్ట గ్రేడు తగ్గుతుందండీ. అయినా చెరపకండి, రుద్దితే అట్ట కూడా చిరుగుతుంది. ఫొటోలో కనిపించేలా పెట్టి, వివరంలో రాసేయండి. నన్నడిగితే ఆ సంతకాలున్న వాటిలో మీకు బాగా ఇష్టమైనవి అసలు అమ్మకానికే పెట్టకండి. రేటు తక్కువొచ్చే వాటిని పంపేసుకుని తర్వాత బాధపడటం ఎందుకు?

పార్సిల్ చేసేటప్పుడు మాత్రం రికార్డుని లోపలి కవరుతో సహా అట్టలోంచి బయటికి తీసి, అట్ట వెనకాల పెట్టండి. లోపలే ఉంచితే దారిలో కదిలి అట్ట అంచు చీల్చేస్తుంది. రెండువైపులా గట్టి అట్టముక్కలు పెట్టి, కదలకుండా టేపు వేయండి.