కత్తివాటా, కత్తివేటా?

అలిపిరి మెట్టు: మా బావకు మోకాలి కింద గాయం. పిక్క వైపు చర్మాన్ని ఒక పక్క తెగకుండా తిప్పి కప్పారు. ఆపరేషన్లో నరానికి పచ్చ మందు ఎక్కించి కెమెరాతో చూశారట. తర్వాత డాక్టరు ఆ బొమ్మ చూపించారు. నెత్తురు అందిన మేర తెల్లగా వెలుగు, కొన మాత్రం నలుపు. ఆ కొన కోసేశామన్నారు. పక్కనున్న మా పెద్దమ్మ "కత్తి...టుకు నెత్తురు చుక్క లేదు" అంది. వాటుకా, వేటుకా? వారంగా ఇదే టెన్షన్.

స్వర్ణముఖి: వాటే. వేటంటే మెడ తెగాలి. గంగజాతర పొట్టేలును అడగండి.

పాకాల జంక్షన్: వ్రేటులో క్రావడి జారి వేటయింది, అంతే. నా అనుమానం రెండూ కాదు, గాటు. చిన్న గాటుకూ నెత్తురు రాలేదంటేనే కదా పస!

పచ్చ గౌను: ఆపరేషన్ థియేటర్లో పనిచేస్తాను. నెత్తురు అందుతోందా అని సూదితో గుచ్చి చూడటం పాత పద్ధతి, ఇప్పటికీ ఉంది. ఎర్రగా వస్తే మంచిది. నల్లగా గబగబా వస్తే వచ్చిన నెత్తురు తిరిగి పోవడం లేదు. చుక్కే రాకపోతే అసలు అందడం లేదు. ఆ మందు ఇండోసయనిన్ గ్రీన్. రక్తంలోని ప్రోటీన్లకు అతుక్కుని నాళాల్లోనే తిరుగుతుంది. 800 నానోమీటర్ల దరిదాపు కాంతి వేస్తే మెరుస్తుంది, కానీ ఆ మెరుపు కెమెరాకే తెలుస్తుంది, మన కంటికి కాదు. 3, 4 నిమిషాల్లో సగం కాలేయం లాగేస్తుంది కాబట్టి మళ్లీ ఎక్కించి చూడొచ్చు. బొమ్మలో నల్లగా ఉన్నదల్లా చచ్చినట్టు కాదు, నాళాలు బిగుసుకున్నా నలుపే. సూది లెక్కన నా ఓటు "పోటు"కు.

స్వర్ణముఖి: మా కాళహస్తి తిన్నడు ఏ కెమెరా చూసి శివుడికి కన్ను అతికించాడమ్మా? ధూర్జటి చదవండి, నెత్తురంటే ఏమిటో తెలుస్తుంది.

పచ్చ గౌను: అది బావగారికి చేసినట్టు ఒక పక్క తెగకుండా తిప్పే ఫ్లాప్ కాదు సామీ, పూర్తిగా వేరుచేసి అతికించే గ్రాఫ్ట్. ఫ్లాప్ తన నెత్తుటి దారిని వెంట తెచ్చుకుంటుంది. తిన్నడు మొత్తం పెరికేశాడు కదా.

పాకాల జంక్షన్: పెరికింది బాణంతో. బాణానికి "ఏటు", అక్కడ వకారమే లేదు. ఇక వాటు ఎక్కడిది?

స్వర్ణముఖి: మళ్లీ మొదలు!

అలిపిరి మెట్టు: పెద్దమ్మకు ఫోన్ చేశాను. "కొనను కాదురా, ఆ బొమ్మ చూసిన నీ మొహాన్ని అన్నాను" అంది. వాటో వేటో అడిగేలోపే పెట్టేసింది.

స్వర్ణముఖి: పెద్దమ్మది ఏ ఊరు? పుత్తూరైతే వాటే.