45 వేలలో స్ట్రీట్ ఫొటోలకు ఫోన్: పెద్ద సెన్సరా, జూమ్ లెన్సా?

సందుగొందులు:
బడ్జెట్ 45 వేలు. తీసేవి వీధి ఫొటోలే: తెల్లారుజామున హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్, సాయంత్రం గాజుల దుకాణాలుండే లాడ్ బజార్. సెల్ఫీలు, గేములు, వీడియో నాకు అక్కర్లేదు. మూడు ఫోన్లు చూసుకున్నాను: ఆఫర్‌లో వస్తే గూగుల్ పిక్సెల్ 9ఏ, నథింగ్ ఫోన్ 3ఏ ప్రో, సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వివో ఎక్స్100 ప్రో. నడిచే మనుషులు అలికేసినట్టు రాకూడదు. ఏది తీసుకోమంటారు?

అంగుళంసెన్సర్:
ఎక్స్100 ప్రో. దాని మెయిన్ కెమెరాది 1 అంగుళం తరగతి సెన్సర్ (వెలుతురును పట్టే చిప్), పేరుకే అంగుళం, మూల నుంచి మూలకు సుమారు 16 మి.మీ. 9ఏది 1/2 అంగుళం, అంటే 8 మి.మీ. విస్తీర్ణం నాలుగు రెట్లు. అపర్చర్లు (వెలుతురు లోపలికొచ్చే రంధ్రాలు) దాదాపు ఒకటే కాబట్టి పడే వెలుతురూ నాలుగు రెట్లు, అంటే రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు). 9ఏ 1/60 సెకను షట్టర్ దగ్గర ఇచ్చే నాణ్యతను ఎక్స్100 ప్రో 1/250 దగ్గర ఇస్తుంది. లాడ్ బజార్‌లో దీపాలు వెలిగాక కావలసింది అదే.

మండే_ఎండ:
ఏది కొన్నా మే నెలలో జేబులో పెట్టుకోకండి, బ్యాగులో నీడన ఉంచండి. ఐఫోన్లకు యాపిల్ చెప్పే పరిమితే 35 డిగ్రీలు. వేడెక్కితే స్క్రీన్ తనంతట తానే మసకబారుతుంది, ఎండలో ఫ్రేమ్ కనబడదు.

నిర్ణీతదూరం:
అంగుళం గారూ, సెన్సర్ లెక్క సరే. ఆ రెండు స్టాపులనూ ఫోన్ షట్టర్ మీదే ఖర్చుపెడుతుందని మీకు ఎవరు చెప్పారు?

ఒకసారి లెక్కేయండి. 24 మి.మీ. లెన్స్‌తో (ఫోన్ల మెయిన్ కెమెరాది సుమారు అంతే) 2 మీటర్ల దూరంలో ఫ్రేమ్ వెడల్పు 3 మీటర్లు. 12 మెగాపిక్సెల్ ఫొటో వెడల్పు 4000 పిక్సెళ్లు. గంటకు 5 కిలోమీటర్ల నడక అంటే సెకనుకు 1.4 మీటర్లు, అంటే మనిషి సెకనుకు సుమారు 1850 పిక్సెళ్లు దాటిపోతాడు. 1/60లో 31 పిక్సెళ్ల మసక, 1/250లో 7, 1/1000లో 2. ఊగే చేతులు, పడే అడుగులు ఇంకా వేగం. ఆటో మోడ్ తక్కువ వెలుతురు చూడగానే షట్టర్ దించి, నాలుగైదు ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. గోడకూ గోపురానికీ అది బాగుంటుంది. నడిచే మనిషికి మాత్రం మోచేతి చుట్టూ దయ్యం నీడ వస్తుంది. ఓఐఎస్ (లెన్స్‌ను కదిపి వణుకు సరిచేసే ఏర్పాటు) ఆపేది మన చేతి వణుకును, ఎదుటివాడి నడకను కాదు.

అందుకని మొదట చూడాల్సింది షట్టర్ మన చేతిలో ఉందా లేదా అని. 9ఏ సొంత కెమెరాలో షట్టర్ పెట్టుకునే వీలు లేదు. ఓపెన్ కెమెరా లాంటి యాప్‌తో పెట్టొచ్చు, కానీ గూగుల్ చేసే ఫ్రేముల పేర్పు పోతుంది, నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) మనమే భరించాలి. వివోలో ప్రో మోడ్ ఉంది, షట్టర్, ఫోకస్ మనమే పెట్టుకోవచ్చు.

అంగుళంసెన్సర్:
అంటే నా మాటే కదా చివరికి.

నిర్ణీతదూరం:
కాదు. పెద్ద సెన్సర్‌కు ఒక ఖర్చుంది, దాని గురించి మీరు ఎప్పుడూ మాట్లాడరు. ఫోకస్ లోతు, అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా స్పష్టంగా వస్తుందో అది. 1 అంగుళం సెన్సర్, ఎఫ్/1.75 అపర్చర్ (అంకె పెరిగితే రంధ్రం చిన్నది) దగ్గర ఫోకస్ 4 మీటర్ల మీద పెడితే 2 మీటర్ల నుంచి అనంతం దాకా స్పష్టం. 1/2 అంగుళం దాంట్లో 2.5 మీటర్ల మీద పెడితే సుమారు 1.25 మీటర్ల నుంచే స్పష్టం. పూల మార్కెట్‌లో బుట్టల మధ్య మనిషికీ మీకూ మధ్య ఉండేదే మీటరున్నర. అక్కడ పెద్ద సెన్సర్‌లో ముందున్న బంతిపూల మీద ఫోకస్ పడి మనిషి మెత్తబడతాడు. షావోమీ 14 అల్ట్రాలో అపర్చర్‌ను ఎఫ్/4 దాకా మూయొచ్చు కాబట్టి దాంట్లో ఈ బాధ తక్కువ. ఎక్స్100 ప్రోలో మూయలేరు.

అంగుళంసెన్సర్:
ఫోకస్ లేజర్‌తో పడుతుంది, అరక్షణం పట్టదు. పాతకాలం రేంజ్‌ఫైండర్ కెమెరాల లెక్కలు ఫోన్‌కు ఎందుకు? పోయిన థ్రెడ్‌లో మీ మాట విని చిన్న సెన్సర్ కొన్న ఇద్దరు రాత్రి ఫొటోలన్నీ వాటర్‌కలర్ బొమ్మల్లా ఉన్నాయని ఇక్కడే రాశారు. దానికి జవాబు చెప్పారా?

నిర్ణీతదూరం:
చెప్పాను, మళ్లీ చెబుతున్నాను: ఆ ఇద్దరూ ఆటో నైట్ మోడ్ ఆపకుండా తీశారు.

ఫోకస్ సంగతి. లెన్స్ వెతుక్కునే ఆ అరక్షణంలోనే మనిషి చూపు తిప్పేస్తాడు. అందుకే ఫోకస్ ముందే బిగించాలి. స్లైడర్ మీద మీటర్లు రాసి ఉండవు కనుక ఇంట్లోనే కొలుచుకోండి. 2 అడుగుల టైల్స్ నాలుగు లెక్కపెడితే సుమారు 2.4 మీటర్లు. అక్కడ ఒక పుస్తకం నిలబెట్టి, ప్రో మోడ్‌లో మాన్యువల్ ఫోకస్‌తో అక్షరాలు స్ఫుటంగా వచ్చేదాకా జరిపి, ఆ అంకె గుర్తుపెట్టుకోండి. వీధిలో అదే అంకె. మాన్యువల్ లేని ఫోన్లలో అంతే దూరంలో ఉన్న గోడ మీద వేలు అదిమిపెట్టి లాక్ చేయండి. అప్పుడు ఎక్స్‌పోజర్ (వెలుతురు కొలత) కూడా లాక్ అవుతుంది, ఎండలోంచి నీడలోకి వెళ్లగానే మళ్లీ లాక్ చేయాలి. చాలామంది ఇది మరిచిపోయి ఫోన్‌ను తిడతారు.

విశాఖ_హార్బర్:
ఇద్దరూ 1/250 అంటున్నారు, ఎల్ఈడీ సంగతి ఎవరూ ఎత్తలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. గాజుల దుకాణం ముందు 1/250 పెడితే ఫొటోలో నల్ల చారలు అడ్డంగా పడతాయి. 1/100 లేదా 1/50 అయితే పడవు. అక్కడ 1/100 పెట్టి, అడ్డంగా దాటేవాళ్లను వదిలేసి మీకు ఎదురుగా వచ్చేవాళ్లను తీయండి. ఎదురు నడకలో పిక్సెళ్ల జరుగుడు బాగా తక్కువ.

సందుగొందులు:
హార్బర్ అన్నా, నా పాత ఫొటోల్లో ఆ చారలు ఎందుకొచ్చాయో ఇప్పుడు అర్థమైంది. థాంక్స్.

మూడురెట్లు:
ఇంతసేపూ 24 మి.మీ. గురించే మాట్లాడుతున్నారు. 3ఏ ప్రోలో 70 మి.మీ. పెరిస్కోప్ జూమ్ లెన్స్ ఉంది, 30 వేలకే వచ్చిన ఫోన్ అది. మీరు 2 మీటర్ల నుంచి తీసేంత సైజు మనిషి దాంతో 6 మీటర్ల నుంచి వస్తాడు. 2 మీటర్లలో ఫోన్ ఎత్తితే జనం నవ్వుతూ నిలబడతారు, లేదా మొహం తిప్పుకుంటారు. సహజత్వం కావాలంటే దూరమే దారి.

నిర్ణీతదూరం:
ఆ లెన్స్ ఎఫ్/2.55, సెన్సర్ 1/1.95 అంగుళాలు. మెయిన్ కెమెరాతో పోలిస్తే స్టాపు పైగా చీకటి. చాలా ఫోన్లు వెలుతురు తగ్గగానే చెప్పకుండా మెయిన్ కెమెరాకు మారి, దాన్నే కత్తిరించి 3ఎక్స్ అని చూపిస్తాయి. అనుమానమైతే 3ఎక్స్‌లో పెట్టి మెయిన్ లెన్స్‌ను వేలితో మూయండి. స్క్రీన్ నల్లబడితే మీరు వాడుతున్నది జూమ్ లెన్స్ కాదు.

మూడురెట్లు:
పగలు ఆ సమస్య లేదు. ప్రతి థ్రెడ్‌లో ఇదే. దగ్గరికి వెళ్లనివాడు ఫొటోగ్రాఫరే కాదన్నట్టు మాట్లాడతారు మీరు.

అంగుళంసెన్సర్:
జూమ్ సెన్సర్ సైజు చూస్తే అసలు వాదనే ఉండదు.

మూడురెట్లు:
మీరు సెన్సర్ కాసేపు పక్కన పెట్టండి. నిర్ణీతదూరం గారిని సూటిగా అడుగుతున్నాను. లాడ్ బజార్‌లో గాజులు వేయించుకుంటున్న ఆవిడ మొహం ముందు 2 మీటర్లలో ఫోన్ పెడతారా? పక్కన వాళ్ల నాన్న ఉంటాడు, తమ్ముడు ఉంటాడు. ఇబ్బంది పడేది ఆవిడ. నేను దూరం నుంచి తీస్తే ఎవరి పనికీ అడ్డు లేదు.

నిర్ణీతదూరం:
అదుగో, ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. నాకు ఎఫ్/2.55 మీద కోపం లేదు. 6 మీటర్ల నుంచి తీస్తే ఆవిడకు తెలియదు, వద్దనే అవకాశమే ఉండదు. మీరు ఇబ్బంది లేదంటున్నారు, నిజానికి ఆ ఇబ్బంది ఆవిడ దగ్గరికి చేరకుండా చేశారంతే. 2 మీటర్లలో ఉంటే నేను ఆవిడకు కనిపిస్తాను. చెయ్యి అడ్డం పెడితే ఆపేస్తాను. తీశాక చూపిస్తాను. తీసేయమంటే ఆవిడ ముందే తీసేస్తాను, ట్రాష్‌లోంచి కూడా. ఐఫోన్‌లో డిలీట్ చేసినవి 30 రోజుల దాకా ఉంటాయి, గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు. అవి ఖాళీ చేయకుండా “తీసేశానమ్మా” అంటే అబద్ధమే.

మూడురెట్లు:
అందరూ వద్దని చెప్పగలరా? ఎదురుగా మగవాడు ఫోన్ పట్టుకుని నిలబడితే నోరు మెదపలేక ఊరుకునేవాళ్లే ఎక్కువ. దాన్ని ఒప్పుకోలు అనుకుంటారు మీరు. నేను దూరం నుంచి తీసినా మొహాలు గుర్తుపట్టేలా ఉన్నవి ఎక్కడా పెట్టను.

నిర్ణీతదూరం:
ఊరుకోవడం ఒప్పుకోవడం కాదు, ఆ మాట నిజం. అందుకే నేను ముందు దుకాణదారుతో మాట కలుపుతాను, ఫోన్ ఛాతీ ఎత్తులో బాహాటంగా పట్టుకుంటాను. దూరం మాత్రం ఒప్పుకోను.

విశాఖ_హార్బర్:
తమ్ముడూ సందుగొందులు, ఫోన్ సంగతి దీనిమీదే తేలుతుంది. దగ్గరగా తీసేట్టయితే నీకు జూమ్ అక్కర్లేదు, షట్టర్, ఫోకస్ చేతిలో ఉండాలి. దూరం నుంచయితే 3ఏ ప్రో చాలు, చీకటి పడ్డాక ఆశ పెట్టుకోకు.

సందుగొందులు:
దగ్గరగానే తీస్తాను. పూల మార్కెట్‌లో మాట కలపకుండా తీయడం నాకూ రాదు. ఎక్స్100 ప్రో మాన్యువల్ మోడ్‌లో వాడతాను. సెకండ్ హ్యాండ్‌లో ఏం చూడాలి?

అంగుళంసెన్సర్:
మొదటి జవాబులో నేను చెప్పింది ఇదే ఫోన్.

నిర్ణీతదూరం:
ఫోన్ అదే, కారణం అది కాదు.

కొనేముందు: తెల్లగోడను మూడు లెన్సులతోనూ తీసి, పెద్దది చేసి మచ్చలు వెతకండి, లోపల దుమ్ము ఉంటే అక్కడే దొరుకుతుంది. వెలిగే బల్బు వైపు తిప్పండి. తుడిచాక కూడా పొగలాంటి వెలుగు వస్తే పైగాజు గీతలు పడినట్టే. వీడియో ఆన్ చేసి ఫోన్ కదపండి, బొమ్మ తనంతట తాను వణికితే ఓఐఎస్ దెబ్బతింది. ప్రో మోడ్‌లో ఫోకస్ స్లైడర్ ఈ చివర నుంచి ఆ చివరికి లాగి చూడండి, మధ్యలో ఎక్కడా ఆగిపోకూడదు.

సందుగొందులు:
పొద్దున మార్కెట్‌కు ఏ సెట్టింగ్‌తో మొదలుపెట్టమంటారు?

నిర్ణీతదూరం:
వెలుతురు వచ్చాక 1/500, ఫోకస్ నాలుగు టైల్స్ దూరం, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ సున్నితత్వం) ఆటో. అంత దగ్గర ఫోకస్‌కు దూరంగా ఉన్నవి కాస్త మెత్తగా వస్తాయి, ఫర్వాలేదు. ఏఐ సీన్, బ్యూటీ, వాటర్‌మార్క్ మూడూ ఆపేయండి. బల్బుల కింద హార్బర్ గారు చెప్పిన 1/100. బయల్దేరే ముందు లెన్స్ నూలుగుడ్డతో తుడవండి.

మూడురెట్లు:
మొహాలు పెట్టేముందు వాళ్లను అడిగారో లేదో, అది కూడా రాయండి ఇక్కడ.

సందుగొందులు:
రాస్తాను.