ప్రచురణకర్త హంతకుణ్ణి మార్చమంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఎర్రసిరా

నాలుగేళ్లు కూర్చుని మొదటి మిస్టరీ నవల పూర్తి చేశాను. ఏడుగురు ప్రచురణకర్తలకు పంపితే నలుగురు వద్దన్నారు, ముగ్గురి దగ్గర నుంచి జవాబే లేదు. ఎనిమిదోవారు వేస్తామన్నారు, కానీ ఒక షరతు పెట్టారు.

నా కథలో హత్య చేసింది చనిపోయినాయన చెల్లెలు. ఇరవై ఏళ్లు ఆ ఇంటి పద్దులు రాసిన మనిషి. "సగం దాటేసరికి ఆమె మీద అనుమానం వచ్చేసింది. డాక్టర్ని హంతకుణ్ణి చెయ్యండి, ఎవరూ ఊహించరు" అని ఎడిటర్ గారు రాశారు. ఆ డాక్టరు కథలో మూడుసార్లు వస్తాడు. మూడుసార్లూ జ్వరం చూసి వెళ్లిపోతాడు.

రెండు వారాలుగా ఒకటే టెన్షన్. ఒప్పుకుంటే పుస్తకం వస్తుంది. కాదంటే మళ్లీ మొదటికొస్తాను. మీరైతే ఏం చేస్తారు?

మూడో చిత్తుప్రతి

ఒప్పుకోండి. నాకూ ఇలాంటి మాటే వస్తే మొండికేశాను. ఆ నవల ఆరేళ్లుగా బీరువాలోనే ఉంది, ఇప్పటికీ తలచుకుంటే బాధేస్తుంది. రాసినవాళ్లకు కథంతా ముందే తెలుసు కాబట్టి, ఎక్కడ దొరికిపోతున్నామో మనకు కనపడదు. మొదటిసారి చదివిన కళ్లకే అది తెలుస్తుంది. మొదటి పుస్తకం బయటికొస్తే, రెండోది మీరనుకున్నట్టు రాసుకోవచ్చు.

రాత్రి చదువరి

నేను రాయను, చదువుతాను. వారానికి ఒక మిస్టరీ అయినా పూర్తవుతుంది. హంతకుణ్ణి ముందే పసిగట్టిన పుస్తకాలు నాకు చాలా ఇష్టం. "ఈవిడే, కానీ ఎందుకు చేసింది?" అనుకుంటూ చివరిదాకా చదువుతాను. జ్వరం చూసి వెళ్లిన డాక్టరు చివర్లో హంతకుడని తేలితే మాత్రం మోసపోయినట్టనిపిస్తుంది.

1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. నేరస్థుడు కథ మొదటి భాగంలోనే కనిపించి ఉండాలన్నది అందులో మొదటిది. మీ డాక్టరు కనిపిస్తాడు, నిజమే. కానీ అతన్ని గుర్తుపెట్టుకోవడానికి పాఠకుడికి మీరు ఏమిచ్చారు?

పాతపుస్తకం

ఎర్రసిరా గారూ, ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. హంతకురాలు ఎవరన్నది ఒకటి. ఆ సంగతి ఎలా బయటపడుతుందన్నది ఇంకొకటి.

ఇంగ్లీషు మిస్టరీ రచయిత్రి అగాథా క్రిస్టీ తన మొదటి నవల 'ది మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్'ను మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో రాశారు. ఒకరి తర్వాత ఒకరు తిప్పి పంపారు. చివరికి జాన్ లేన్ అనే ప్రచురణకర్త తీసుకున్నాడు, ముగింపు మార్చాలనే షరతు మీద. ఆమె మొదట రాసినప్పుడు డిటెక్టివ్ పొయిరో కోర్టు బోనులో నిలబడి రహస్యమంతా విప్పుతాడు. కోర్టులో అలా జరగదని లేన్ అన్నాడు. ఆమె ఆ అధ్యాయం తిరగరాసి, అందరినీ ఇంట్లో ఒకచోట కూర్చోబెట్టి చెప్పించారు. 1920లో పుస్తకం వచ్చింది. అలా అందరినీ కూర్చోబెట్టి చెప్పే ముగింపు తర్వాత ఆమె రచనల్లో చాలాసార్లు కనిపిస్తుంది. అంటే ప్రచురణకర్త మాట ఆమెకు మేలే చేసింది. కానీ ఆయన మార్చమన్నది రహస్యం విప్పే చోటును, హంతకుణ్ణి కాదు.

మిస్టరీలో ముగింపు చివరి అధ్యాయంలో మాత్రమే ఉండదు, మొదటి పేజీ నుంచీ పరుచుకుని ఉంటుంది. హంతకుణ్ణి మార్చాలంటే ప్రతి సంభాషణా, ప్రతి తలుపు చప్పుడూ మళ్లీ రాయాలి. చివరి ముప్పై పేజీలు మార్చి ఊరుకుంటే అతుకు కనిపిస్తుంది.

అలాగని ఎడిటర్ చెప్పిన జబ్బును కొట్టిపారేయకండి. మందు తప్పు కావచ్చు, జబ్బు మాత్రం నిజమే అనుకుంటున్నాను. సగంలోనే అనుమానం వచ్చిందంటే ఎక్కడో ఒక క్లూ బట్టబయలుగా ఉంది. రాతప్రతి ప్రింట్ తీసి, చెల్లెలి మీద అనుమానం కలిగే ప్రతి వాక్యం కింద గీత గీయండి. క్లూను పేరా చివర పెడితే వేలెత్తి చూపించినట్టే. నాలుగు మామూలు వస్తువుల మధ్య మూడోదిగా పెడితే కన్ను దాటిపోతుంది, తర్వాత గుర్తొస్తుంది. ఇంకో మనిషికి కూడా ఆమెకున్నంత బలమైన కారణం ఉందేమో చూడండి. లేకపోతే పాఠకుడు ఇంకెవర్ని అనుమానిస్తాడు?

మూడో చిత్తుప్రతి

చోటు మార్చడం, మనిషిని మార్చడం ఒకటి కాదన్నది ఒప్పుకుంటాను. నా నవలప్పుడు ఎవరూ ఇలా విడదీసి చెప్పలేదు. కానీ ఎనిమిదోవారు కూడా చెయ్యి దాటిపోతే? ఆ భయాన్ని తక్కువ చేసి మాట్లాడకండి.

కాంట్రాక్ట్ చదివినవాడు

ముగింపు సంగతి ఎలా తేలినా, సంతకం పెట్టేముందు కాంట్రాక్ట్ మొత్తం చదవండి. కోనన్ డాయిల్ తన మొదటి షెర్లాక్ హోమ్స్ నవల హక్కులన్నీ 25 పౌండ్లకు అమ్మేశాడు. 1887లో అచ్చయింది. హోమ్స్‌కు ఎంత పేరొచ్చినా ఆ నవల మీద ప్రచురణకర్త నుంచి ఇంకేమీ రాలేదు. క్రిస్టీకి కూడా మొదటి పుస్తకం మీద వచ్చింది 25 పౌండ్లే. పైగా ఇంకో ఐదు నవలలు అదే సంస్థకు ఇవ్వాలన్న షరతు. మీ అనుమతి లేకుండా వాక్యాలు మార్చే హక్కు వాళ్లకుందా, తర్వాతి పుస్తకాలు ముందే రాయించుకుంటున్నారా, ఈ రెండూ చూడండి. మొదటి పుస్తకం వస్తోందన్న సంతోషంలో చాలామంది చదవరు.

ఎర్రసిరా

అందరికీ కృతజ్ఞతలు. మూడు రోజులు ప్రింట్ మీద గీతలు గీశాను. పదకొండో అధ్యాయంలో దొరికింది. అన్నయ్య చనిపోవడానికి మూడు రోజుల ముందే ఆమె పద్దుల పుస్తకంలో ఆయన మందుల ఖర్చు రాయడం మానేస్తుంది. నాకు ఎంతో ఇష్టమైన క్లూ అది. దాన్ని అధ్యాయం చివరి వాక్యంగా, ఒంటరిగా పెట్టాను. అక్కడ ఎవరికైనా తెలిసిపోతుంది. ఇప్పుడు దాన్ని పాలు, కరెంటు బిల్లు, గొడుగు రిపేరు లెక్కల మధ్యకు తీసుకెళ్లాను. అన్న కొడుకు మీద కూడా అనుమానం వచ్చేలా, అతనికి ఒక అప్పు ఉన్నట్టు రాశాను.

హంతకురాలు చెల్లెలే. ఆ ఇరవై ఏళ్ల పద్దుల కోసమే ఈ నవల మొదలుపెట్టాను, ఆమెను వదిలేస్తే నాకు చెప్పడానికి ఏమీ మిగలదు. ఎడిటర్ గారికి ఇదంతా వివరంగా రాసి, సరిచేసిన ప్రతి పంపుతాను, మరోసారి చదవమని అడుగుతాను. మూడో చిత్తుప్రతి గారూ, భయం నాకూ ఉంది.

పంపేముందు ఒక సాయం కావాలి. చదువుతూ ఎవరి మీద ఎప్పుడు అనుమానం వచ్చిందో పేజీ నంబరు రాసిచ్చేవాళ్లు ఇద్దరు కావాలి. ఇక్కడ రహస్యం చెప్పేశాను కాబట్టి, ఈ చర్చ చూడని మీ స్నేహితులెవరైనా ఉంటే చెప్పగలరా?