సరస్సు ఒడ్డున కేబిన్: పొద్దున పూట పనికా, పడవకా?

గట్టుమీది ఇల్లు:
మాది సరస్సు ఒడ్డున చిన్న చెక్క కేబిన్. ఏడాదిలో ఎక్కువ భాగం తాళం వేసే ఉంటుంది, వేసవిలో తెరుస్తాం. వెళ్లిన ప్రతిసారీ మొదటి రోజు ఒకటే గొడవ. ఎండెక్కకముందే పనులన్నీ కానిచ్చేద్దాం అంటాను నేను. పడవ కట్టే డాక్ చెక్కల మీద పైకి లేచిన మేకులు దిగ్గొట్టాలి, కట్టెలు చీల్చి పేర్చాలి, కప్పు మీది ఆకులు దులపాలి, డెక్‌కి, అంటే ఇంటి బయటి చెక్క అరుగుకి, స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు పూత) వెయ్యాలి. మా ఆవిడా పిల్లలూ మాత్రం లేవగానే పడవ దగ్గరికి పరిగెడతారు. మీ ఇళ్లల్లో ఎలా? పని ముందా, నీళ్లు ముందా?

చెమటచుక్క:
పనే ముందు, ఇందులో చర్చేముంది? మిట్టమధ్యాహ్నం గొడ్డలి పట్టి చూడండి, తెలుస్తుంది. పైగా ఒకసారి ఈతకొట్టి వచ్చాక ఒళ్లు బరువెక్కుతుంది, ఇక ఎవరూ లేవరు. పనులన్నీ అయ్యాక నీళ్లలో దూకితే ఉండే సుఖమే వేరు.

తెడ్డు:
గొడ్డలి సంగతి ఒప్పుకుంటాను. మిగతా పనులు చూడండి. పొద్దున్నే సరస్సు పక్కన మంచు పడి చెక్కంతా తడిగా ఉంటుంది. తడి కప్పు ఎక్కితే జారిపడటమే. తడి చెక్క స్టెయిన్‌ని సరిగ్గా పీల్చుకోదు. పోనీ ఎండ నేరుగా పడుతున్నప్పుడు వేస్తే మరీ త్వరగా ఆరిపోయి చారలు తేలతాయి. తడి ఆరాక, నీడ ఉన్న వైపు చూసుకుంటూ వేసుకోవాలి. అంటే పొద్దెక్కేదాకా ఆ డబ్బా మూత తియ్యకపోవడమే మంచిది. ఇదంతా నాకు అనుభవం మీదే వచ్చింది. ఒక ఏడు మొండికేసి తెల్లారే వేసేశాను. మరుసటి వేసవికి పెచ్చులు లేచిపోతే కూర్చుని గీకాను, రెండు రోజులు.

నీళ్ల లెక్క వేరు. మామూలు వేసవి రోజుల్లో పొద్దున గాలి పెద్దగా కదలదు. నేల వేడెక్కేకొద్దీ గాలి లేస్తుంది, మధ్యాహ్నానికి అలలు మొదలవుతాయి. చిన్నపిల్లల్ని కయాక్ (తెడ్డుతో నడిపే సన్న పడవ) ఎక్కించడానికి పొద్దుటి నీళ్లే మంచివి. వేసవిలో ఉరుములు కూడా మధ్యాహ్నం దాటాకే ఎక్కువ. ఒక్క ఉరుము వినిపించినా బయటికి వచ్చేయాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. ఒక మబ్బు అలా వెళ్లి ఇంకో మబ్బు వచ్చిందంటే సాయంత్రమైపోయినట్టే. మేకులు ఎక్కడికీ పోవు. అద్దంలా ఉన్న నీళ్లు మాత్రం పదింటికల్లా పోతాయి.

ఇంకో మాట. చెమటలు కక్కుతూ లోతులోకి దూకకండి. ఎండకి వేడెక్కేది పై పొరే, కింద చాలా చల్లగా ఉండొచ్చు. చలి ఒక్కసారిగా తగిలితే ఊపిరి ఎగబీల్చేస్తాం, ఆ క్షణంలో నోట్లోకి నీళ్లు పోతాయి. మెల్లగా దిగండి.

చెమటచుక్క:
దూకడం సంగతి సరే. కట్టెల మాటేమిటి? సాయంత్రం చీలుద్దామంటే దోమలు పీక్కుతింటాయి.

తెడ్డు:
ఇవాళ చీల్చిన పచ్చికట్టె ఇవాళ రాత్రి మంటకి పనికిరాదు కదండీ. ఆరడానికి కనీసం ఆరు నెలలు, గట్టి కలపైతే ఏడాది పైనే పడుతుంది. మొదటి రోజే చీల్చకపోతే కొంపలేం మునిగిపోవు. పేర్చేటప్పుడు పైన మాత్రం కప్పి పక్కలు గాలికి వదిలెయ్యండి చాలు.

చీపురుకట్ట:
ఇంతసేపూ కప్పు, డెక్, గొడ్డలి. ఇంటి లోపలి మాట ఒక్కరూ ఎత్తలేదు. నెలల తరబడి మూసిన కేబిన్‌లో ఎలుక పెంటికలు ఉండే అవకాశం ఎక్కువ. వాటిని పొడిగా ఊడవకూడదు. ఆ దుమ్ము పీలిస్తే హాంటా వైరస్ సోకే ప్రమాదం ఉంది. ముందు తలుపులూ కిటికీలూ తెరిచి అరగంట గాలి ఆడనివ్వాలి, ఆ సేపు మనం లోపల ఉండకూడదు. తర్వాత ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి బాగా తడిపి, ఐదు నిమిషాలు నాననిచ్చి, గ్లౌజులతో తుడిచెయ్యాలి.

మీరు కావాలంటే ఆ అరగంటలో పడవెక్కండి, నాకేం అభ్యంతరం లేదు. తిరిగొచ్చాక బకెట్ పట్టుకునేది ఎవరో తేల్చుకుని మరీ ఎక్కండి. పడవ ముందా పని ముందా అని అడిగే వాళ్లలో చాలామందికి వంటా గిన్నెలూ పని కిందకే రావు.

గట్టుమీది ఇల్లు:
మా ఆవిడకి చదివి వినిపించాను. చీపురుకట్ట గారి దగ్గరికొచ్చేసరికి ఫోన్ లాక్కుని మళ్లీ చదివింది. తీర్పు ఏమిటంటే ఆరింటికి తలుపులు తెరిచి పడవ, వచ్చాక బకెట్ నాది. పదింటికి స్టెయిన్, అదీ నాదే. మేకులు ఆ తర్వాత. గొడ్డలి మాత్రం రెండో రోజు తెల్లారే పడతాను, దాని మీద రాజీ లేదు.

చెమటచుక్క:
మేకులు తర్వాత ఏంటండీ? లేవగానే ఉత్తకాళ్లతో ఆ డాక్ మీదే కదా పిల్లలు పరిగెత్తేది?

గట్టుమీది ఇల్లు:
అవును, నాకు తట్టనే లేదు. సరే, అది మాత్రం పడవకంటే ముందు. పది నిమిషాల పని.

తెడ్డు:
పది నిమిషాలే అని నేనూ అనుకునేవాణ్ణి. ముందురోజు సాయంత్రమే వెళ్లి, దోమలు రాకముందు కొట్టేసుకోండి.