మూల్యాంకనమా, మదింపా?

ఒక కార్యక్రమం ఎంతవరకు పనిచేసిందో అందులో ఉన్నవాళ్ళ సంస్కృతిని లెక్కలోకి తీసుకుని తేల్చే పద్ధతి ఒకటి అమెరికాలో ఉంది, కల్చరల్లీ రెస్పాన్సివ్ ఎవాల్యుయేషన్. దీన్ని తెలుగులో 'సాంస్కృతిక ప్రతిస్పందనాత్మక మూల్యాంకనం' అంటే చదివేవాళ్ళకి ఊపిరాడదు. పైగా మూల్యాంకనం అనగానే మనకి తట్టేది జవాబు పత్రాలు, మార్కులు. ఒకరు దిద్దుతారు, ఇంకొకరు ఫలితం కోసం టెన్షన్ పడుతుంటారు. ఈ పద్ధతి వద్దనేది సరిగ్గా ఆ వరసనే.

1970ల్లో అమెరికా విద్యా పరిశోధకుడు రాబర్ట్ స్టేక్, కాగితం మీది లక్ష్యాల కంటే కార్యక్రమంలో ఉన్నవాళ్ళకి ఏది ముఖ్యమో ముందు చూడమన్నాడు. స్టాఫర్డ్ హుడ్ వంటి నల్లజాతి పరిశోధకులు ఆ ఆలోచనలోకి సంస్కృతిని, జాతిని (నల్లజాతి, శ్వేతజాతి అనే అర్థంలో) తెచ్చారు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఇందుకోసం 2011లో ఒక కేంద్రమే పెట్టారు.

నల్లజాతి పిల్లల కోసం నడిపే ఒక చదువు కార్యక్రమం ఉందనుకోండి. సర్వే ఫారంలో 'ఇంట్లో చదివించేది ఎవరు?' అని అడిగి తల్లి, తండ్రి అని రెండే గళ్ళు పెట్టారు. పిల్లని పెంచేది అమ్మమ్మ. ఆవిడ రెండూ ఖాళీగా వదిలేస్తుంది, రిపోర్టులో మాత్రం 'తల్లిదండ్రులకి శ్రద్ధ లేదు' అని పడుతుంది! ఫారం రాసేటప్పుడే ఆ అమ్మమ్మల్లో ఒకరిని కూర్చోబెట్టుకుని ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. అందుకే నా ఓటు 'సంస్కృతి ఎరిగిన మదింపు'కి. ఈ మాట మీద ఒకరు అడిగినవీ, నేను చెప్పినవీ ఇవి:

— మదింపు అంటే పన్నులవాళ్ళు గుర్తొస్తారు కదండీ?

— వస్తారు, కాదనను. కానీ పన్ను మదింపు మీద అప్పీలు చేసుకోవచ్చు.

— మార్కులకీ రీవాల్యుయేషన్ ఉందండోయ్ 😄 అది సరే, ఈక్విటీని, అంటే ఎవరి అవసరాన్ని బట్టి వాళ్ళకి న్యాయం చేయడాన్ని, ఏమంటారు? సమానత్వం చాలదూ?

— చాలదండీ. అందరికీ ఒకే ఫారం ఇవ్వడం సమానత్వమే, అమ్మమ్మ దగ్గర బోల్తాపడింది అదేగా. సమన్యాయం అంటాను. నాకు అసలు మింగుడుపడనిది రేస్ (race) అనే మాట. జాతి అంటే తెలుగు జాతీ జాతే, భారత జాతీ జాతే. పోనీ వర్ణం అందామంటే చాతుర్వర్ణ్యం వచ్చి కూర్చుంటుంది, అమెరికా సంగతి పక్కకి పోతుంది. ప్రస్తుతానికి 'జాతి' అనే రాసి, మొదటిసారి వచ్చినచోట 'నల్లజాతి, శ్వేతజాతి అనే అర్థంలో' అని ఒక ముక్క చేరుస్తున్నాను. ఇంతకంటే మంచి మాట ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.